మన ఆవమొక్క అక్కడ కలుపు: పెన్యస్కీటోస్ కాన్యన్‌కి కొత్తగా వెళ్లేవారికి

ప్రశ్న: అక్కా, శాన్ డియేగో వచ్చి కొన్ని నెలలే అయింది. మీరా మెసాలో ఉంటున్నాం. మావారిది హెచ్1బి ఉద్యోగ వీసా, నాది ఆయన భార్యగా వచ్చిన హెచ్4. ఇంటికి దగ్గర్లోనే పెన్యస్కీటోస్ కాన్యన్ అనే లోయ ఉంది. మార్చిలో అత్తయ్యగారూ మామయ్యగారూ వస్తున్నారు. వాళ్లని తీసుకెళ్లొచ్చా? అక్కడ వాలంటీరుగా చేరాలని నాకు ఉంది, వీసాకి ఇబ్బందా? మామయ్యగారు వ్యవసాయం చేసిన మనిషి, ఊరికే కూర్చోలేరు.

జవాబు: తప్పకుండా తీసుకెళ్లండి. మీరూ వాలంటీరుగా చేరండి. నడకకు వెళ్లినవాళ్లకు దారి తెలుస్తుంది, కలుపు తీసినవాళ్లకు కాన్యన్ తెలుస్తుంది.

సుమారు 4,000 ఎకరాల రక్షిత ప్రాంతమిది. నగరానిదీ కౌంటీదీ ఉమ్మడి ఆస్తి. తూర్పున ఐ-15 హైవే దగ్గర నుంచి పడమర సొరెంటో వ్యాలీ దాకా దాదాపు 7 మైళ్లు. మధ్యలో పారే వాగు టోరీ పైన్స్ పక్కనున్న ఉప్పుటేరులో కలిసి, అక్కడి నుంచి పసిఫిక్‌లోకి పోతుంది. మొదట ఇది కుమియాయ్ అనే మూలవాసుల నేల. 1823లో మెక్సికో ప్రభుత్వం దీన్ని ఒక సైనికాధికారికి రాసిచ్చింది. ఇప్పటి శాన్ డియేగో కౌంటీలో అలా ఇచ్చిన మొదటి భూమి ఇదే. పాతకాలపు మట్టి ఇటుకల ఇల్లు తూర్పు వైపు ఇంకా ఉంది.

పెద్దవాళ్లతో తూర్పు వైపు నుంచే మొదలుపెట్టండి. ఓక్ చెట్ల నీడ, దాదాపు చదునైన దారి. జలపాతం దాకా వెళ్లి రావడమంటే 6 మైళ్ల పైమాటే, కాబట్టి మొదటిరోజు అంత వద్దు. జలపాతమంటే తలకోనలాంటిది ఊహించుకోకండి. నల్లని అగ్నిపర్వత శిలల మధ్య నీళ్లు మెట్లు మెట్లుగా దిగుతాయి. వాన పడ్డాక బురదలో నడిస్తే దారి పాడవుతుందని మూసేస్తారు, వెళ్లేముందు చూసుకోండి.

ఇక అసలు జాగ్రత్త. మామయ్యగారికి ముందే చెప్పండి: అక్కడ మూడేసి ఆకులు కలిసి కనిపిస్తే మారేడు దళం అనుకుని కోయకూడదు. అది పాయిజన్ ఓక్. మన జీడిమామిడి కుటుంబానిదే. నల్లజీడి రసం తగిలితే ఒళ్లు ఎలా పొక్కుతుందో తెలుసుగా, దీని నూనె కూడా అంతే. చలికాలంలో ఆకు రాలి ఉత్త కొమ్మలే ఉన్నా నూనె ఉంటుంది, బట్టలకూ అంటుకుంటుంది. తగిలిందని అనుమానం వస్తే వెంటనే సబ్బు, చల్లని నీళ్లతో కడగాలి. మార్చి నుంచి రాటిల్ స్నేకులనే విషపాములు ఎండకి బయటికొస్తాయి. దారి దాటి గడ్డిలోకి వెళ్లకండి, కనిపించని చోట చెయ్యి పెట్టకండి. కాటు పడితే గుడ్డ కట్టడం, కొయ్యడం ఏవీ వద్దు, 911కి ఫోన్ చెయ్యండి.

ఆ నెలల్లో కొండలన్నీ పసుపుపచ్చగా ఉంటాయి. మనవాళ్లు పిల్లల్ని అందులో నిలబెట్టి ఫొటోలు తీస్తారు. ఆ పువ్వు ఆవపువ్వే. మన పోపుల డబ్బాలో ఉండేదానికి దగ్గరి చుట్టం, కానీ ఈ నేలది కాదు. ఇక్కడి మొక్కలకు చోటు లేకుండా చేస్తుంది, వేసవికి ఎండి నిప్పుకి మేతవుతుంది. వాగుల పక్కన సోంపు, ఆముదం కూడా అంతే. మనకు వంటింట్లోనూ, పెరట్లోనూ తెలిసిన ఈ మూడూ ఇక్కడ పీకేయాల్సిన కలుపు. మరి మన ఊళ్లో పొలం గట్ల మీద ముళ్లతో నిండే నాగజెముడు జాతి మొక్కలు ఇక్కడ సొంత గడ్డ మీదున్నాయి, వాటిని ముట్టుకోకూడదు. ఇక్కడి సేజ్ పొదల్లో నాట్‌క్యాచర్ అనే చిన్న బూడిదరంగు పిట్ట గూడు కడుతుంది. 1993 నుంచి దానికి ఫెడరల్ రక్షణ ఉంది. గూళ్లు కట్టే కాలంలో అందుకే తోచినచోట పొదలు కొట్టరు.

పూజకని పువ్వు కోయడం, వినాయకుణ్ణి వాగులో కలపడం, కార్తీక దీపాలు వదలడం, ఇవేవీ ఇక్కడ వద్దు. వదిలినవన్నీ ఉప్పుటేరులోకే చేరతాయి. వనభోజనాలకు బల్లలున్న సిటీ పార్కుకి వెళ్లండి. కార్తీకం అంటే ఇక్కడ తూర్పు నుంచి ఎండు శాంటా ఆనా గాలులు వీచే రోజులు. 2003 నాటి సీడార్ కార్చిచ్చు, 2007 నాటి విచ్ కార్చిచ్చు రెండూ అక్టోబరులోనే రేగాయి. సీడార్ మీ పక్కనున్న స్క్రిప్స్ రాంచ్ ఇళ్ల దాకా వచ్చింది. ఒక్క ప్రమిద అని తేలిగ్గా తీసుకోకూడదని అందుకే గట్టిగా చెబుతున్నాను.

వీసా సంగతి. అందరూ జీతం లేకుండానే చేసే పనిలో, స్వచ్ఛంద సంస్థ తరఫున చేరితే హెచ్4కి మామూలుగా అభ్యంతరం ఉండదు. డబ్బిచ్చి చేయించే ఉద్యోగాన్ని ఊరికే చేసిపెట్టడమే చిక్కు. గౌరవవేతనం, గిఫ్టు కార్డులాంటివి తీసుకోకండి. అనుమానముంటే మీవారిని, వాళ్ల కంపెనీ లాయర్ని ఒక మాట అడగమనండి. కాన్యన్ కోసమే పనిచేసే ఫ్రెండ్స్ ఆఫ్ లాస్ పెన్యస్కీటోస్ కాన్యన్ ప్రిజర్వ్ అనే సంస్థ ఉంది, అక్కడ మొదలుపెట్టండి. శాన్ డియేగో నేచురల్ హిస్టరీ మ్యూజియం వారి కాన్యనీర్లు అనే వాలంటీరు గైడ్లు ఉచితంగా నడకలు తీసుకెళ్లి మొక్కల్ని పరిచయం చేస్తారు. చేతులతో పనిచేసే ముందు వాళ్లతో ఒకసారి నడిస్తే, ఏది పీకాలో ఏది వదలాలో తెలుస్తుంది.

కలుపు పనికి పొడుగు చేతుల చొక్కా, ప్యాంటు, మూసిన బూట్లు ఉండాలి. చీర, చెప్పులు పనికిరావు. ఆవమొక్కని గింజ కట్టకముందే పీకాలి కాబట్టి వసంతంలోనే మనుషులు కావాలి. స్థానిక మొక్కలు నాటేది మాత్రం వానలు పడే చలికాలంలో. మామయ్యగారు వచ్చేది మార్చిలో కదా, కలుపుకి సరైన అదను. ఆయన వస్తారని ముందే చెప్పి, సంతకం చేయాల్సిన కాగితాలు తెప్పించి తెలుగులో చదివి వినిపించండి. ఆముదం మొలకని రెండాకుల దశలోనే గుర్తుపట్టే మనిషి ఆ గుంపులో బహుశా ఆయన ఒక్కరే ఉంటారు.