పన్ను తగ్గుతుందని అప్పు చేసి కారు కొంటారా?

ప్రశ్న: తిరుపతి బైపాస్ రోడ్డులో టిఫిన్ హోటల్ నడుపుతున్నాను. ఏడాదికి 90 లక్షల టర్నోవర్, అన్నీ పోను 9 లక్షలు మిగులుతుంది. వేరే ఆదాయం లేదు. రిటర్ను 44ఏడీ (టర్నోవర్‌లో ఇంత శాతం లాభమని చూపించే పద్ధతి) కింద వేస్తున్నాను. పదకొండు మంది పనిచేస్తున్నారు. ఈమధ్య దోశల మాస్టారు చేతిమీద కాగే నూనె పడితే ఆసుపత్రికి 60 వేలు అప్పు తెచ్చి కట్టాను. నా దగ్గర 3 లక్షలు ఉన్నాయి. నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇంకో 8 లక్షలు తెచ్చి హోటల్ పేరున కారు కొంటే పన్ను తగ్గుతుందంటున్నారు. పనివాళ్లకు చేసే ఖర్చుకూ మినహాయింపు ఉంటుందా?

జవాబు: కారు సంగతి ముందు తేల్చేద్దాం. కొత్త పన్ను విధానంలో 2025-26 నుంచి 12 లక్షల ఆదాయం దాకా రిబేటు పోను పన్ను లేదు. మీ ఆదాయం 9 లక్షలు. కట్టాల్సిన పన్నే లేనప్పుడు తగ్గేదేముంది? పైగా 44ఏడీలో డిజిటల్ వసూళ్ల మీద 6 శాతం, నగదు మీద 8 శాతం లాభం అనుకున్నప్పుడే ఖర్చులన్నీ పోయినట్టు లెక్క. కారు తరుగుదల, వడ్డీ, జీతాలు, బోనస్, ఏదీ మళ్లీ విడిగా తీసేయడానికి వీల్లేదు. (అసలు లాభం అంతకంటే ఎక్కువైతే ఎక్కువే చూపించాలి.) కారు కోసం ఈ పద్ధతి వదిలేసి తక్కువ లాభం చూపిస్తే తర్వాత ఐదేళ్లు ఇందులోకి తిరిగి రానివ్వరు.

ఆ అప్పుకు వడ్డీయే నెలకు 16 వేలు, ఏడాదికి 1.92 లక్షలు. ఆదా అయ్యే పన్ను సున్నా. దయచేసి ఆ అప్పు జోలికి వెళ్లకండి. మార్చి దగ్గర పడితే ఇలాంటి సలహాలు విని, బాగా నడుస్తున్న వ్యాపారం మీద అప్పు తెచ్చుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది ఆ 60 వేల అప్పు. పదిమంది, ఆపైన పనిచేసే హోటల్‌కు ఈఎస్ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) తప్పనిసరి. మీకు పదకొండు మంది ఉన్నారు, అంటే ఇప్పటికే ఆలస్యమైంది. నెలకు 21 వేల లోపు జీతం ఉన్నవాళ్లకు మీ వాటా 3.25 శాతం, వాళ్ల వాటా 0.75 శాతం. పదిమంది జీతాలు కలిపి లక్షన్నర అనుకుంటే మీకు పడేది నెలకు 4,875 రూపాయలు. కారు అప్పు వడ్డీలో మూడో వంతు కూడా కాదు. వాళ్లకు, ఇంట్లో ఆధారపడినవాళ్లకు వైద్యం దొరుకుతుంది, పనికి రాలేని రోజులకు డబ్బూ వస్తుంది.

మాస్టారి జీతం 21 వేలు దాటి ఉంటే ఆయన ఈఎస్ఐలోకి రాడు. పెనం ముందు రోజంతా నిలబడేది ఆయనే! పనిలో గాయపడితే ఆయన వైద్యం ఖర్చు, పరిహారం చట్టప్రకారం మీ మీదే పడతాయి. అందుకని ఆయన పేరున వర్క్‌మెన్ కాంపెన్సేషన్ పాలసీ (పనిలో గాయపడితే మీరివ్వాల్సిన పరిహారం భరించే బీమా) తీసుకోండి. వైద్యం ఖర్చు కూడా కలిసి ఉందో లేదో అడిగి మరీ రాయించుకోండి. ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా (ప్రమాద బీమా) అందరికీ చేయించండి. కానీ అది మరణానికి, వైకల్యానికే; ఆసుపత్రి బిల్లు ఇవ్వదు.

ఆ 3 లక్షలు ఎఫ్‌డీలో వేసి హోటల్ అత్యవసర నిధి అనుకోండి. జీతాలు, అద్దె కలిపి మూడు నెలలకు సరిపడేదాకా పెంచండి. 2020లో మార్చి 20 నుంచి జూన్ మొదటివారం దాకా కొండమీద దర్శనం ఆగిపోయినప్పుడు భక్తుల మీద బతికే హోటళ్ల పరిస్థితి మీకు నేను చెప్పాలా?

పుస్తకాలు రాసి ఖర్చులు చూపించే వ్యాపారులకు జీతాలు, బోనస్, నగదులో కాకుండా కట్టిన ఉద్యోగుల ఆరోగ్య బీమా ప్రీమియం మినహాయింపులోకి వస్తాయి. ఒకరికి ఒకేరోజు 10 వేలు దాటి నగదు ఇస్తే రావు. పీఎఫ్ ఇరవైమంది అయ్యాక చూసుకోవచ్చు.

ఈఎస్ఐ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లోనే అవుతుంది, ఈ వారమే మీ ఆడిటర్‌తో చేయించండి. ప్రతి నెలా డబ్బు తర్వాతి నెల 15లోపు కట్టాలి.