కార్వాన్ హీటర్ కోసం నగలు తాకట్టు పెట్టాలా?

ప్రశ్న: మాది కావలి. రొయ్యల మేత, మందుల షాపు నడుపుతున్నాను. రెండేళ్ల కిందట, కార్వాన్‌గా మార్చిన 2012 మోడల్ టెంపో ట్రావెలర్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. అందులో సిలిండర్ మీద నడిచే పాత గ్యాస్ హీటర్ ఉంది. దాన్ని తీసేసి డీజిల్ హీటర్, లిథియం బ్యాటరీ పెట్టి, గోడలకు ఇన్సులేషన్ వేయడానికి 2.4 లక్షలు అడుగుతున్నారు. అక్టోబరులో ఇంటిల్లిపాదీ హిమాచల్ ప్రదేశ్‌లోని చలి లోయ స్పితి వెళ్లాలని ఆశ. నా భార్య నగల మీద 1.5 లక్షలు గోల్డ్ లోన్ తీసుకుని, మిగతా 90 వేలు క్రెడిట్ కార్డు ఈఎంఐలో పెడదామనుకుంటున్నాను. ఇంటి ఖర్చు నెలకు 40 వేలు. బ్యాంకులో 60 వేలున్నాయి. నెలకు 10 వేల చీటీ ఇంకా 11 నెలలు కట్టాలి. ఆరోగ్య బీమా లేదు. అమ్మకు 71 ఏళ్లు, షుగర్ ఉంది. మొత్తం గోల్డ్ లోన్‌గా తీసుకోమంటారా, ఇలా రెండుగా పెట్టమంటారా?

జవాబు: రెండూ వద్దు. మీ ఉత్తరం చదువుతుంటే ‘బ్యాంకులో 60 వేలు’ అన్న చోటే నాకు టెన్షన్ మొదలైంది. షాపు షట్టర్ దించాల్సి వస్తే నెలన్నరకు మించి ఇల్లు గడవదు. వ్యాపారంలో తిరిగే డబ్బును చూసి, చేతిలో డబ్బుందని అనుకోవడం నెల్లూరు, ప్రకాశం జిల్లాల వ్యాపారుల్లో నాకు తరచూ కనిపించే పొరపాటు. మీకిచ్చే జవాబును అందరూ చదివేలా రాయడానికి కారణం కూడా అదే.

మీ వ్యాపారం సంగతి నాకన్నా మీకే బాగా తెలుసు. మేత ఖాతా మీద ఇస్తారు, పట్టుబడి అయ్యాక వసూలు చేసుకుంటారు. చెరువులో వైట్ స్పాట్ అనే రొయ్యల తెగులు వస్తే రైతు 100 కౌంట్ (కిలోకు వంద రొయ్యలు) కూడా రాకముందే వచ్చిన ధరకు అమ్మేసుకుంటాడు. మీ బాకీ తర్వాతి పంటకు వాయిదా పడుతుంది. మేత కంపెనీ మాత్రం మీకోసం ఆగదు. 2025 ఆగస్టులో రొయ్యలు సహా మన సరుకుల మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు ఎన్ని ఖాతాలు మొండికేశాయో ఒకసారి మీ పుస్తకం తీసి చూడండి. పైగా అక్టోబరు, నవంబరు మన తీరానికి తుఫాన్ల కాలం. సరిగ్గా అప్పుడే మీరు రెండు కొత్త వాయిదాలు నెత్తిన పెట్టుకుని స్పితిలో ఉంటారు.

జీతగాళ్లకు ఆరు నెలల ఖర్చు చాలంటాను. మీలాంటి రాబడికి తొమ్మిది నెలలది ఉండాలి, అంటే 3.6 లక్షలు. అది షాపు కరెంట్ ఖాతాలో ఉండకూడదు. వేరే బ్యాంకులో, మీ భార్య పేరు కూడా ఉన్న జాయింట్ ఖాతాలో, స్వీప్ డిపాజిట్‌గా (ఖాతాలోని అదనపు డబ్బు దానంతటదే ఎఫ్‌డీగా మారేది) పెట్టండి. షాపు ఖాతాలో ఉన్న డబ్బు మొదటి లోడు మేతకే వెళ్లిపోతుంది. మీకు హీటర్‌కు అడుగుతున్న 2.4 లక్షలు మీ ఇంటి ఆరు నెలల ఖర్చు. ఈ లెక్క మీ భార్యతో కూర్చుని మాట్లాడండి, నగలు ఆమెవి.

ఇక అప్పు సంగతి. విహారానికి నగలు తాకట్టు పెట్టడం నాకు ససేమిరా ఇష్టం లేదు. షాపు నిజంగా చిక్కుల్లో పడిన రోజున గంటలో డబ్బిచ్చేది ఆ బంగారమే. దాన్ని ఇప్పుడే తాకట్టు పెట్టేస్తే ఆ రోజు ఎక్కడికి పోతారు? కార్డు ఈఎంఐలో వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు అదనం. ఒక నెల బిల్లు పూర్తిగా కట్టలేకపోతే మిగిలిన బాకీ మీద వడ్డీ చాలా కార్డుల్లో నెలకు మూడు శాతం దాటుతుంది. చీటీని తొందరపడి పాడకండి, నష్టానికి ఎత్తుకోవడమే అవుతుంది.

హీటర్ మార్చాలన్న మీ ఆలోచన తప్పు కాదు. లోపలి గాలినే వాడుకుని మండే గ్యాస్ హీటర్ పెట్టుకుని తలుపులు మూసి నిద్రపోతే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది, వాసన కూడా రాదు. సిలిండర్లోని బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర సరిగా ఆవిరి కాదు కాబట్టి, చలి ముదిరిన చోట అది ఎలాగూ మొరాయిస్తుంది. డీజిల్ హీటర్ మండేందుకు బయటి గాలిని తీసుకుని పొగను బయటికే వదులుతుంది. కానీ ఎత్తు ప్రాంతాల్లో గాలి పలచన కాబట్టి ఇంధనం తగ్గించే సర్దుబాటు లేని మోడల్ మసి పట్టి ఆగిపోతుంది. మామూలు లిథియం బ్యాటరీని సున్నా కన్నా తక్కువ చలిలో చార్జ్ చేయకూడదు. మీ కొటేషన్‌లో ఈ రెండింటి ప్రస్తావన ఉందా? లేకపోతే 2.4 లక్షలు అక్కడితో ఆగవు.

ఈ ఏడాదికి పాత హీటర్ గ్యాస్ పైపు తీయించేయండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి కొనండి. ఇన్సులేషన్ ఒక్కటీ చేతిలోని డబ్బుతో వేయించుకోవచ్చు, మన ఎండలకూ పనికొస్తుంది. స్పితికి జూన్‌లో వెళ్లండి, రాత్రికి అక్కడి ప్రధాన ఊరు కాజాలో గది తీసుకోండి. చలి కావాలంటే డిసెంబరులో లంబసింగి ఉంది, దానికి దుప్పట్లు చాలు.

ఆరోగ్య బీమా ఈ నెలలోనే తీసుకోండి. మీ దంపతులకు, పిల్లలుంటే వాళ్లకూ కలిపి 10 లక్షల ఫ్లోటర్ (అందరికీ ఉమ్మడిగా ఒకే పాలసీ). 2025 సెప్టెంబరు 22 నుంచి దీనిమీద జీఎస్టీ లేదు. అమ్మగారికి 70 దాటాయి కాబట్టి ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డుకు ఆధార్‌తో దరఖాస్తు చేయండి, ఏడాదికి 5 లక్షల కవరేజీ.

చీటీ పూర్తయ్యాక వచ్చే డబ్బు మొదట 3.6 లక్షల నిధికి వెళ్లాలి. అది నిండాక మిగిలిన దానితో హీటర్. అప్పుడు కూడా బిగించే ముందు వాహన బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలపండి, ఆర్సీలో మార్పు నమోదు అవసరమేమో ఆర్టీవో ఆఫీసులో అడగండి. చెప్పకుండా డీజిల్ లైను వేయించిన బండికి నిప్పంటుకుంటే క్లెయిమ్ దగ్గర మొదట అడిగేది ఆ కాగితమే. బండి 2012 మోడల్ కాబట్టి 15 ఏళ్లకు, అంటే 2027లో ఆర్సీ రెన్యువల్, ఫిట్‌నెస్ ఖర్చు ఉంటాయి. వాటికీ ఇప్పటి నుంచే నెలకు రెండు వేలు పక్కన పెట్టండి.