గీటు, గీటురాయి, నికషం

సందేహం: మేం భూగర్భశాస్త్రం విద్యార్థులం. తూర్పు కనుమల్లో ఫీల్డ్‌వర్క్ చేస్తుండగా పలుగురాతి చారలో సీసంలా మెరిసే మెత్తటి రేకులు దొరికాయి. గ్రాఫైటా, మాలిబ్డినం లోహపు అరుదైన ఖనిజం మాలిబ్డినైటా తేల్చుకోవడానికి పింగాణీ ముక్క మీద గీసి చూశాం. ఆ 'స్ట్రీక్'ను నోట్సులో 'గీటు' అని రాశాను. అది నాటుమాట, 'చూర్ణవర్ణం' అనాలని మిత్రుడి వాదన. ఏది సరి? ఆ పింగాణీ ముక్కను గీటురాయి అనవచ్చా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

సమాధానం: గీటు అనే రాయండి. చూర్ణవర్ణం తప్పు కాదు. గీసినప్పుడు పలక మీద మిగిలేది ఖనిజపు పొడే, మీరు చూసేది ఆ పొడి రంగే. కాబట్టి అది వివరణగా పనికొస్తుంది. కానీ కొండ మీద నిలబడి రాయి గీసేవాడి నోట పలికే మాట అది కాదు. సంస్కృతంలోకి మారిస్తే తప్ప శాస్త్రం కాదన్న భ్రమ మన పాఠ్యపుస్తకాలను ఎంతకాలంగా పీడిస్తోందో! మీ మిత్రుడికి సంస్కృతమే ప్రమాణమైతే ఆయన్ని కాళిదాసు దగ్గరికే తీసుకువెళదాం.

మేఘసందేశంలో ఉజ్జయిని రాత్రి. సూదితో పొడవదగినంత చిక్కటి చీకటి. ప్రియుల ఇళ్లకు వెళ్లే స్త్రీలకు రాజవీధిలో దారి కనబడదు. యక్షుడు మేఘాన్ని వేడుకుంటాడు: 'సౌదామన్యా కనకనికషస్నిగ్ధయా దర్శయోర్వీం'. బంగారు నికషంలా నిగనిగలాడే మెరుపుతో వాళ్లకు నేల చూపించు, వాన కురవకు, ఉరమకు, పాపం బెదిరిపోతారు అని. నికషమంటే ఒరగల్లు, అంటే కంసాలి బంగారం గీసి చూసే గీటురాయి అని మాత్రమే తెలిసినవాడు ఇక్కడ ఆగిపోతాడు. మెరుపు రాయిలా ఉండటమేమిటి? మన మెదక్ సీమ కొల్చారానికి చెందిన మల్లినాథసూరి ఆ ముడి విప్పాడు. ఇక్కడ నికషమంటే రాయి కాదు, రాతి మీద పడ్డ రేఖ అన్నాడు. ఇప్పుడు శ్లోకం మళ్లీ చదవండి. నల్లని రాత్రంతా ఒరగల్లు, దాని మీద క్షణకాలం మెరిసిన పసిడి గీత మెరుపు. కంసాలి కొట్లో రోజూ కనబడే గీతను ఆకాశమంత చేశాడు మహాకవి. ఆ రేఖకు తెలుగు గీటు. ఇంతకన్నా గౌరవం ఏ పారిభాషిక పదానికి కావాలి?

ఒరగల్లు కూడా మంచి మాట. ఒరయడం అంటే రుద్దడం. ఒరపిడి, ఒరుసుకోవడం ఆ కుదురువే. తమిళులు ఉరైకల్ అంటారు, కన్నడిగులు ఒరెగల్లు అంటారు. దీన్ని ఓరుగల్లుతో కలిపేవారున్నారు. అది ఒంటిరాయి, అందుకే ఏకశిలానగరం. కత్తి ఒర సంగతి వేరు.

గీటు ఒక్కటే ఏదీ తేల్చదు, పక్కన తెలిసినదాని గీటు ఉండాలి. కౌటిల్యుడు ముందు పరీక్షించే బంగారాన్ని, తరువాత నాణ్యత తెలిసిన బంగారాన్ని గీయమన్నాడు. గోరు సందున దాచిన జేగురు పొడిని గీత మీద రాల్చే మోసగాడినీ కనిపెట్టాడు. మీరూ అలాగే గ్రాఫైట్‌ను పక్కన గీయండి. దాని గీటు నలుపు. మాలిబ్డినైట్ గీటు నునుపైన మెరుగు పింగాణీ మీద ఆకుపచ్చ చాయ తేలుతుంది, కాగితం మీద నీలి బూడిదగా ఉంటుంది. కంటికి రెండూ కవలలే. మాలిబ్డినైట్ పేరు కూడా సీసానికి గ్రీకులు వాడే మాట నుంచి వచ్చిందే. 1778లో స్వీడన్ రసాయనవేత్త షీలే అది గ్రాఫైట్ కాదని రుజువు చేసేదాకా పండితులే పొరబడ్డారు.

ఇక పత్రికల సంగతి. 'ఈ చిత్రం ఆయన కెరీర్‌లో గీటురాయి' అని రాస్తున్నారు. వాళ్ల ఉద్దేశం మైలురాయి. రెండింటిలోనూ రాయి ఉంటే సరిపోతుందా? గీటురాయి పరీక్షించే సాధనం, సాధించిన ఘనత కాదు. 'కష్టకాలమే స్నేహానికి గీటురాయి' అనండి, ఒప్పుకుంటాను. రాసేముందు ఒక్కసారి కంసాలి దగ్గరికి వెళ్లి ఆ నల్లరాయి చూసి వస్తే ఈ తప్పు జరగదు.

పింగాణీ ముక్క విషయం అంత తేలిక కాదు. గీటురాయి అనగానే నల్లని నునుపు రాయి మనసులో మెదులుతుంది, మీది తెల్లటి పలక. గీటుపలక అంటే నాకు ఇంపుగా ఉంది. అలాగని గీటురాయి అన్నవారిని తప్పుపట్టలేను. చేసే పని ఒకటే, పైగా నికషమనే మాట రాయికీ గీతకూ చెల్లినప్పుడు, గీటురాయి పింగాణీకి చెల్లదని గట్టిగా అనడానికి మనసొప్పడం లేదు.