బెణికిన చీలమండ వాపు తగ్గగానే మళ్ళీ కబడ్డీ ఆడవచ్చా?

ఆడకూడదు, వాపు వారం పది రోజుల్లో తగ్గినా, లోపల చిరిగిన లిగమెంటు గట్టిపడటానికి సాధారణంగా 6 వారాలైనా పడుతుంది. లిగమెంటు అంటే ఎముకను ఎముకకు కట్టి ఉంచే పట్టీ. దానికి రక్తప్రసరణ తక్కువ, అందుకే కండరం కన్నా నెమ్మదిగా మానుతుంది. పైగా పాదం ఎటు వంగుతోందో మెదడుకు చెప్పే నరాల కొసలు అందులో ఉంటాయి. అవి దెబ్బతింటే కాలు తడబడినప్పుడు కండరాలు ఆలస్యంగా స్పందిస్తాయి, చీలమండ మళ్ళీ అక్కడే మెలిపడుతుంది.

విజయనగరంలో అయ్యకోనేరు గట్టు మీద నొప్పి లేకుండా నడుస్తున్న కబడ్డీ ఆటగాడినే తీసుకోండి. తిన్నగా నడవడం వేరు, కూతకు వెళ్ళి ఒక్క కాలి మీద గిర్రున తిరగడం వేరు. కళ్ళు మూసుకుని బెణికిన కాలి మీదే నిలబడమనండి: పాదం అంచులు వణుకుతాయి, వేళ్ళు నేలను పట్టుకోవాలని చూస్తాయి. రెండో కాలితో సమానంగా నిలబడగలిగి, గెంతినా నొప్పి రానప్పుడే బరిలోకి దిగాలి.

అలాగని మానేదాకా మంచం దిగకూడదనుకోవడం పొరపాటు. తొలి రెండు మూడు రోజులు గడిచాక, భరించగలిగినంత మేర కదిలిస్తేనే లిగమెంటు బాగా అతుకుతుంది. నాలుగడుగులు కూడా వేయలేకపోతే మాత్రం వెంటనే ఎక్స్‌రే తీయించాలి.