గ్రూప్ 2 ముందు రాయొచ్చా? సీఏ పరీక్షల వరసలో ఏది మీ ఇష్టం, ఏది కాదు

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్‌లో ఎంఈసీ చదివింది. ఈ జనవరిలో సీఏ ఫౌండేషన్ రాసి పాసైంది. బీకాం మొదటి సంవత్సరం కూడా చదువుతోంది. సీఏ ఇంటర్మీడియట్‌లో గ్రూప్ 1 పాసయ్యాకే గ్రూప్ 2 రాయాలని కొందరు, రెండూ కలిపి రాయాలని మరికొందరు చెబుతున్నారు. లెక్కలు బాగా వచ్చు కాబట్టి గ్రూప్ 2 ముందు రాస్తానంటోంది. కుదురుతుందా? ఒక గ్రూప్ అవగానే ఆర్టికల్‌షిప్‌లో (సీఏ ఆఫీసులో చేసే శిక్షణ) చేరొచ్చని మా బంధువు ఒకరు అన్నారు, నిజమేనా? ఫైనల్ ఎప్పటికి రాయగలదు?

జవాబు: గ్రూప్ 2 ముందు రాయొచ్చండి. గ్రూప్ 1 పాసైతేనే గ్రూప్ 2కి అనుమతి అనే నిబంధన సీఏ కోర్సు నడిపే సంస్థ ఐసీఏఐలో లేదు. ఏదో ఒకటి ముందు రాయొచ్చు, రెండూ ఒకేసారి రాయొచ్చు. ఫైనల్లోని రెండు గ్రూపులకూ ఇదే వర్తిస్తుంది. వరస బిగిసి ఉండేది ఒక దశ నుంచి ఇంకో దశకు వెళ్లేటప్పుడు. ఫౌండేషన్ పాసవకుండా ఇంటర్మీడియట్‌కు రిజిస్టర్ కాలేరు. (డిగ్రీ తర్వాత నేరుగా వచ్చేవాళ్లకు ఫౌండేషన్ అక్కర్లేదు. వాళ్లకు కామర్స్ డిగ్రీలో 55 శాతం, ఇతర డిగ్రీల్లో 60 శాతం మార్కులుండాలి.) ఇంటర్మీడియట్ రెండు గ్రూపులూ పాసవకుండా ఆర్టికల్‌షిప్ మొదలవదు. ఆర్టికల్‌షిప్ ముగిసి ఆరు నెలలు నిండకుండా ఫైనల్ రాయనివ్వరు.

మీ బంధువు చెప్పింది అబద్ధం కాదు, పాత సంగతి. 2023 జులై 1న కొత్త స్కీమ్ రాకముందు ఇంటర్మీడియట్‌లో ఒక గ్రూప్ పాసైతే ఆర్టికల్‌షిప్‌లో చేరేవారు. అప్పుడది మూడేళ్లు. చివరి ఆరు నెలల్లో ఫైనల్ కూడా రాసేవారు. ఇప్పుడు శిక్షణ రెండేళ్లే, కానీ రెండు గ్రూపులూ అయ్యాకే. 2023కు ముందు ఆర్టికల్‌షిప్‌లో చేరినవారి సలహా ఏదైనా ఈ తేడా చూసుకుని తీసుకోండి.

ముందుగా తేదీల సంగతి. ఇంటర్మీడియట్ పరీక్షలు ఏటా జనవరి, మే, సెప్టెంబరుల్లో మూడుసార్లు జరుగుతాయి. రిజిస్ట్రేషన్ తర్వాత ఎనిమిది నెలల స్టడీ పీరియడ్ నిండాలి. అంటే జనవరి పరీక్షకు అంతకుముందు మే 1 లోపు, మే పరీక్షకు సెప్టెంబరు 1 లోపు, సెప్టెంబరు పరీక్షకు జనవరి 1 లోపు రిజిస్టరై ఉండాలి. జనవరి ఫౌండేషన్ ఫలితాలు సాధారణంగా మార్చికల్లా వచ్చేస్తాయి కాబట్టి మీ అమ్మాయికి మే 1 గడువు అందుతుంది. ఒక్కరోజు ఆలస్యమైనా మొదటి అటెంప్ట్ జనవరి నుంచి మేకి జారుతుంది. ఇంకో పొరపాటు కూడా చాలామంది చేస్తారు: కోర్సు రిజిస్ట్రేషన్ వేరు, పరీక్ష ఫారం వేరు. రిజిస్టరయ్యాం కదా అని ఊరుకుని, పరీక్ష ఫారం గడువు దాటాక తేరుకుంటారు. ఏ గ్రూప్ రాస్తారో చెప్పాల్సింది ఆ రెండో ఫారంలోనే. కాబట్టి ఒక గ్రూపా, రెండా అన్నది ఇప్పుడే తేల్చుకోనక్కర్లేదు.

నా మాటైతే, ఎనిమిది నెలలూ రెండు గ్రూపులకు చదివించండి. కారణం మార్కుల లెక్కలో ఉంది. ఒక గ్రూప్ పాసవాలంటే ప్రతి పేపర్‌లో 40, మూడు పేపర్లు కలిపి 300కి 150 రావాలి. రెండు గ్రూపులూ కలిపి రాస్తే ఇంకో దారి తెరుచుకుంటుంది: ప్రతి పేపర్‌లో 40 ఉండి, ఆరు పేపర్లకు కలిపి 600కి 300 వస్తే రెండూ పాసైనట్టే. ఉదాహరణకు గ్రూప్ 1లో 52, 41, 47 వచ్చాయనుకోండి, మొత్తం 140. విడిగా రాసి ఉంటే ఫెయిల్. అదే అటెంప్ట్‌లో గ్రూప్ 2లో 165 వస్తే మొత్తం 305, రెండూ గట్టెక్కుతాయి. మీ అమ్మాయికి లెక్కలు బాగా వచ్చంటున్నారు కదా, గ్రూప్ 2లోని కాస్టింగ్‌లో, ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్‌లో వచ్చే అదనపు మార్కులు గ్రూప్ 1లోని లా పేపర్ తరుగును పూడుస్తాయి. గ్రూప్ 2 ఒక్కటే ముందు రాసేస్తే ఆ మార్కులు అక్కడే మిగిలిపోయి, గ్రూప్ 1కి పనికిరావు. అయితే ఏ పేపర్‌లోనైనా 39 వస్తే ఈ సర్దుబాటు పనిచేయదు. అప్పుడు కూడా రెండో గ్రూప్ తన సొంత మార్కులతో పాసై ఉంటే అది పాసే. కలిపి రాయడం వల్ల నియమాల పరంగా నష్టమేమీ లేదు, నష్టమల్లా తయారీ పలచబడటమే.

ఎగ్జెంప్షన్ గురించి కూడా తెలుసుకోండి. గ్రూప్ పోయినా ఒక పేపర్‌లో 60 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే ఆ పేపర్ తర్వాతి మూడు పరీక్షల దాకా మళ్లీ రాయనక్కర్లేదు. ఆ మార్కులు మొత్తంలో కలుస్తాయి కూడా. కాస్టింగ్‌లో 64 వచ్చి ఆడిటింగ్‌లో 38తో గ్రూప్ పోయిందనుకుందాం. మళ్లీ రాసేటప్పుడు మిగతా రెండు పేపర్లలో కలిపి 86 చాలు, ఒక్కోదానిలో 40 తగ్గకూడదు అంతే. ఇక్కడ రెండు చోట్ల దెబ్బతింటారు. ఒకటి, పరీక్ష హాల్లో మొదటి పేపర్ పాడైందని చివరి పేపర్‌కు వెళ్లకపోవడం. గ్రూప్‌లోని అన్ని పేపర్లకూ హాజరైతేనే ఎగ్జెంప్షన్ వస్తుంది. రెండు, మూడు పరీక్షలంటే చాలా వ్యవధి ఉందనుకోవడం. ఏడాదికి రెండు పరీక్షలున్నప్పుడు అది ఏడాదిన్నర. ఇప్పుడు సరిగ్గా ఏడాది. రాసినా రాయకపోయినా అటెంప్ట్ లెక్కలోకి వస్తుంది.

మాక్ టెస్టుల్లో ఒక గ్రూప్ పేపర్లకు 40 కూడా రావట్లేదంటే అప్పుడు విడగొట్టండి. విడగొడితే ఏది ముందు? గ్రూప్ 1లోని అడ్వాన్స్‌డ్ అకౌంటింగ్‌లో చదివే అకౌంటింగ్ స్టాండర్డ్స్ గ్రూప్ 2లోని ఆడిటింగ్‌కు ఊతమిస్తాయి కాబట్టి, మామూలుగా గ్రూప్ 1 ముందు అంటాను. పైగా ట్యాక్సేషన్ గ్రూప్ 1లో ఉంది. ఏటా బడ్జెట్‌తో వచ్చే ఫైనాన్స్ యాక్ట్‌తో పాటు పాఠం మారుతుంది కాబట్టి, ఈ అటెంప్ట్‌కు చదివింది వచ్చే ఏడాదికి అలాగే పనికిరాదు. కాస్టింగ్ సూత్రాలకు ఆ బాధ లేదు. గ్రూప్ 2 ముందు రాయాలనుకుంటే ట్యాక్సేషన్ జోలికి అప్పటిదాకా పోకపోవడమే మేలు.

ఇక ఫైనల్ లెక్క. జనవరిలో రెండు గ్రూపులూ పాసైతే ఫలితాలు మార్చికల్లా వస్తాయి. ఆర్టికల్‌షిప్‌లో చేరే ముందు ఐసీఐటీఎస్‌ఎస్ అనే ఐసీఏఐ శిక్షణ కోర్సు పూర్తి కావాలి. అందులో ఐటీ, ఓరియంటేషన్ రెండు భాగాలు, మొత్తం నాలుగు వారాలు. పరీక్ష ముగిసి ఫలితాలొచ్చే మధ్యలోనే ఇది చేసేయమనండి. ఏప్రిల్‌లో చేరితే రెండేళ్ల తర్వాత ఏప్రిల్‌లో శిక్షణ ముగుస్తుంది, ఆరు నెలలు కలిపితే అక్టోబరు. సెప్టెంబరు ఫైనల్ దాటిపోయింది కాబట్టి జనవరి ఫైనలే రాయాలి. అంటే ఏప్రిల్‌లో చేరినా, మే చివర్లో చేరినా రాసేది అదే ఫైనల్! ఫలితాలొచ్చిన వారంలోనే దొరికిన ఆఫీసులో చేరిపోవాలన్న కంగారు అనవసరం. రెండు మూడు ఫర్ములు చూసి, ఆడిట్, ట్యాక్స్ రెండు పనులూ నేర్పే చోటు ఎంచుకునే వ్యవధి ఉంది. మే మాత్రం దాటనివ్వకండి. శిక్షణలో సెలవు ఏడాదికి 12 రోజులే, అంతకు మించితే ఆ రోజులు చివర్లో కలిసి ఫైనల్ ఇంకో నాలుగు నెలలు జరగొచ్చు. అదే గ్రూప్ విడగొట్టి రెండోది మేలో పాసైతే ఫలితం జులైలో, చేరిక ఆ నెలలో, ఫైనల్ జనవరి కాక మేలో. ఒక్క అటెంప్ట్ జారితే ఫైనల్ కూడా నాలుగు నెలలు వెనక్కి పోతుందన్నమాట.

ఫైనల్ ముందు ఇంకో గడప ఉంది: సెల్ఫ్ పేస్డ్ ఆన్‌లైన్ మాడ్యూల్స్. ఎ, బి, సి, డి అని నాలుగు సెట్లు, ఒక్కోదానిలో 50 శాతం రావాలి. ఎ కార్పొరేట్ అండ్ ఎకనామిక్ లాస్, బి స్ట్రాటజిక్ కాస్ట్ అండ్ పెర్ఫార్మెన్స్ మేనేజ్‌మెంట్, ఈ రెండూ తప్పనిసరి. సి, డిల్లో నచ్చిన సబ్జెక్ట్ ఎంచుకోవచ్చు. నాలుగూ పాసైతేనే ఫైనల్ ఫారం. అడ్వాన్స్‌డ్ ఐసీఐటీఎస్‌ఎస్ కూడా ఈలోపే ముగించాలి. శిక్షణ రెండేళ్లలో ఆరు నెలలకో సెట్ చొప్పున తీసేస్తే, చివరి ఆరు నెలలూ అచ్చంగా ఫైనల్‌కే మిగులుతాయి. ఎ, బి సెట్లను చివరికి వదిలేసినవాళ్లే ఎక్కువ ఇబ్బంది పడతారు.

బీకాం విషయం మీరు అడగలేదు గానీ, అది కూడా ఈ వరసలోదే. రెండో ఏడాది చివరికి ఆర్టికల్‌షిప్ మొదలైతే మూడో ఏడాది డిగ్రీ, ఆఫీసు కలిసి నడుస్తాయి. అందుకు ఫారం 112తో ఐసీఏఐ అనుమతి తీసుకోవాలి, కాలేజీ వేళలు ఆఫీసు వేళలతో ఢీకొనకూడదు. హాజరు కచ్చితంగా అడిగే కాలేజీ అయితే ఇప్పుడే ప్రిన్సిపాల్‌తో మాట్లాడండి, లేదా మూడో ఏడాదిలోపు దూరవిద్యకు మారే వీలుందేమో యూనివర్సిటీలో కనుక్కోండి. డిగ్రీ పరీక్షలకు పెట్టే సెలవులు కూడా ఆ 12 రోజుల్లోంచే పోతాయి.