మా ఆడ టరాంటులాకు మగదాన్ని జత చేయాలనుకుంటున్నాను, ముందుగా ఏం చూసుకోవాలి?

మీరు అడిగింది ఇదీ: ఇంట్లో బాగా ఎదిగిన రెడ్ నీ రకం ఆడ టరాంటులా (వెంట్రుకలుండే పెద్ద సాలీడు) ఉంది, తెలిసినవాళ్లు తమ మగదాన్ని కొన్నాళ్లు ఇస్తామంటున్నారు. రెండిటినీ వెంటనే ఒకచోట వదలొచ్చా, ఆడది మగదాన్ని తినేస్తుందా, గుడ్లు పెడితే ఏం చేయాలి? నేను కొన్నేళ్లుగా రెడ్ నీ చేరే బ్రాకీపెల్మా ప్రజాతిలోని జాతుల్ని పెంచుతూ పిల్లలు తీయిస్తున్నాను. నా అనుభవంలో వీటన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇంకొకటుంది. మీ ఆడది చివరిసారి కుబుసం ఎప్పుడు విడిచింది?

ఆడ టరాంటులా మగదాని వీర్యాన్ని వెంటనే వాడుకోదు. పొట్టలో స్పెర్మాథీకా అనే చిన్న సంచుల్లో దాచుకుని, నెలల తర్వాత గుడ్లు పెట్టేటప్పుడు వాడుకుంటుంది. ఆ సంచుల లోపలి పొర కూడా కుబుసంతోపాటే ఊడి వచ్చేస్తుంది, దానితో దాచుకున్న వీర్యమూ పోతుంది. జత కట్టిన కొన్ని వారాలకే ఆడది కుబుసం విడిచిందంటే మళ్లీ మొదటికి రావాల్సిందే. అందుకే నేను కుబుసం తేదీలు పెట్టె మూత మీదే రాసి ఉంచుతాను. కొత్త చర్మం గట్టిపడి, తెల్లగా ఉన్న కోరలు పూర్తిగా నల్లబడి, మళ్లీ ఆకలిగా తినడం మొదలుపెట్టాక ఒకటి రెండు నెలలు మేపి అప్పుడు జత చేస్తాను. మీ దగ్గర తేదీ లేకపోతే పొట్ట పైభాగం చూడండి. వెంట్రుకలు రాలి బోసిపోయిన చోట చర్మం నల్లగా నిగనిగలాడుతూ, తిండి కూడా మానేసి ఉంటే కుబుసం దగ్గర పడినట్టే. అలాంటప్పుడు మగదాన్ని దగ్గరికి తీసుకురాకండి.

విడిచిన కుబుసాన్ని పారేయకండి. కాస్త సబ్బునీళ్లలో నానబెట్టి పొట్ట భాగాన్ని మెల్లగా విప్పి చూస్తే, ముందు జత పుస్తక ఊపిరితిత్తుల (పుస్తకం పేజీల్లా పొరలుండే, సాలీడు గాలి పీల్చే అవయవాలు) మధ్య ఆ సంచులు కనిపిస్తాయి. ఆడదేనని ఖాయం చేసుకోవడానికి ఇంతకన్నా నమ్మకమైన గుర్తు లేదు.

మగదానికి కుబుసమంటే ఇంకో అర్థం. చివరి కుబుసంతోనే అది పెద్దదవుతుంది. నోటి పక్కనుండే రెండు పాల్ప్‌ల చివరలు ఉబ్బుతాయి, బ్రాకీపెల్మాలాంటి జాతుల్లో ముందు కాళ్లకు కొక్కేలు వస్తాయి. ఆ తర్వాత దాని ఆయుష్షు కొన్ని నెలలు, మహా అయితే ఏడాది పైచిలుకు. రెడ్ నీ ఆడది ఇరవై ఏళ్లు దాటి బతకగలదు. పైగా ఒకే గుడ్ల సంచిలో పుట్టిన మగవి తమ తోడబుట్టిన ఆడవాటికంటే చాలా ముందే ఎదిగి, అవి పెద్దవయ్యేలోపే చనిపోతాయి. మన దగ్గర ఆడది సిద్ధంగా ఉన్నప్పుడు మగది వేరేవాళ్ల దగ్గర ఉండటం అందుకే మామూలు. మగదాన్ని ఇస్తామన్నవాళ్లతో పిల్లల్లో వాటా ఎంతో, మగది చనిపోతే ఏమిటో ముందే మాట్లాడుకోండి. అది రాగానే జత చేయకండి. పలకలా ఒక వల అల్లి, అందులో వీర్యం వదిలి, దాన్ని పాల్ప్‌లలోకి నింపుకున్నాకే దానివల్ల ఉపయోగం. ఆ వలను సాధారణంగా అదే చింపేస్తుంది కాబట్టి, ఒక మూల చిక్కగా, తెల్లగా మిగిలిన పోగులు కనిపిస్తాయేమో చూడండి.

తినేస్తుందా అన్నారు. తినొచ్చు. ఆకలిగా ఉన్న ఆడదానికి మగదీ తిండే. అందుకే ముందు వారం రోజులు ఆడదాన్ని కడుపునిండా మేపాలి. సాయంత్రం, వెలుతురు మందంగా ఉన్నప్పుడు మగదాన్ని ఆడదాని పెట్టెలోనే, దానికి వీలైనంత దూరంగా వదలండి. ఆడదాని పట్టు పోగులు కాలికి తగలగానే మగది వణుకుతూ పాల్ప్‌లతో నేలమీద దరువు వేస్తుంది. ఆడది కూడా తిరిగి దరువు వేస్తే మంచి సూచన. అది వినిపించినప్పుడు ఇప్పటికీ నాకు ఊపిరి ఆగినట్టుంటుంది. దగ్గరికి వచ్చాక మగది తన కొక్కేలతో ఆడదాని కోరలను పట్టి నిలిపి, దాన్ని పైకెత్తి, పాల్ప్‌లను ఒకటి తర్వాత ఒకటి కిందకు చొప్పిస్తుంది. అంతా కొన్ని నిమిషాల పని. ప్రమాదమంతా విడిపోయే క్షణంలోనే ఉంటుంది. ఒక చేతిలో పొడవాటి పెయింట్ బ్రష్, ఇంకో చేతిలో అట్టముక్క పట్టుకుని కూర్చోండి. మగది వెనక్కి తగ్గగానే మధ్యలో అట్ట నిలబెట్టండి. ఆడది కోరలు చాచి మీదకు దూకే పద్ధతిలో ఉంటే ఆరోజు ఆపేయండి. చేతులు మాత్రం లోపల పెట్టొద్దు. రెడ్ నీ విసిరే దురద వెంట్రుకలు కంట్లో పడితే చాలా బాధ, కళ్లద్దాలు పెట్టుకోండి.

ఒక్కసారి జత కడితే చాలదని నేను మగది మళ్లీ వల అల్లాక ఇంకోసారి వదులుతాను.

ఇక ఓపిక కావాలి. గుడ్లు పెట్టడానికి నెలలు పడుతుంది. ఆడది విపరీతంగా తింటుంది, పొట్ట ఉబ్బుతుంది, ఒకరోజు మట్టి తవ్వి, పట్టుతో బొరియ మూసుకుంటుంది. అప్పుడు పెట్టెను కదిలించకండి, రోజూ టార్చి వేసి చూడకండి. బెదిరిన తల్లి తన గుడ్ల సంచినే తినేస్తుంది. సంచి కట్టాక దాన్ని కోరలతో పట్టుకుని తిప్పుతూ ఉంటుంది, లేకపోతే లోపలి గుడ్లు ఒకదానికొకటి అంటుకుపోతాయి. మొదటి వారాల్లో తల్లి చేసే ఈ పని మనం సరిగా చేయలేం కాబట్టి, సంచిని సుమారు నెల రోజులు దానికే వదిలేయడం మేలని నా గట్టి నమ్మకం.

ఆ తర్వాత సంచి తీసి కత్తెరతో జాగ్రత్తగా తెరిస్తే, చాలావరకు కాళ్లు వచ్చిన గుడ్లు కనిపిస్తాయి. మూతకు చిన్న రంధ్రాలున్న డబ్బాలో అడుగున తడి టిష్యూ వేసి, దానికి తగలకుండా పైన పల్చటి గుడ్డ ఉయ్యాలలా కట్టి, అందులో వాటిని పరిచి 26 నుంచి 28 డిగ్రీల వేడిలో ఉంచండి. గాలి ఆడకపోతే బూజు వస్తుంది. నల్లబడినవి, కుంగిపోయినవి కనిపించగానే తీసేయండి, ఒక్క బూజు పట్టిన గుడ్డు మిగతావాటిని పాడు చేయగలదు.

ఈ పిల్లలూ కుబుసాలు విడుస్తూనే ఎదుగుతాయి, ఒక కుబుసానికీ ఇంకో కుబుసానికీ మధ్య కాలాన్ని ఒక దశ అంటాం. రెండో దశకు వచ్చాకే ఎక్కువ జాతుల పిల్లలు వేట మొదలుపెడతాయి, అప్పుడే ఒకదాన్నొకటి తినడమూ మొదలవుతుంది. వేరు చేయాల్సింది అప్పుడే. రెడ్ నీ ఒక్క సంచిలోంచి వందల పిల్లలు రావచ్చు. అంటే వందల చిన్న డబ్బాలు, ఒక్కోదానిలో కాస్త తడి మట్టి, ఎగరలేని పండ్ల ఈగలో, చిన్న కీచురాయి కాలు ముక్కో. చిన్నపిల్లలు త్వరగా ఎండిపోతాయి, పెద్దవాటిలా పొడి మట్టిని తట్టుకోలేవు. ఈ పని మీకు ఇష్టమేనా అన్నది జత చేయకముందే ఆలోచించుకోవాలి. ఈగల పెంపకం కూడా సంచి కనిపించిన రోజే మొదలుపెట్టండి.

ఇంకొక్క విషయం నా మనసుకు చాలా దగ్గరైనది. మగది మీ ఆడదాని జాతిదేనని రూఢిగా తెలియకపోతే జత చేయకండి. 2017లో మెండోజా, ఫ్రాంకే అనే ఇద్దరు పరిశోధకులు ఈ రెడ్ నీ జాతులను మళ్లీ పరిశీలించేవరకు, ఇప్పుడు హమోరీ అంటున్న జాతి చాలాచోట్ల స్మితి పేరుతోనే చేతులు మారింది. పాత పేరుతో ఉన్న సాలీళ్లు ఇంకా ఉన్నాయి. ఒకసారి కలిసిన రక్తాన్ని విడదీయలేం, మెక్సికో అడవుల్లో వీటి సంఖ్య ఏమైనా మన పెట్టెల్లోనైనా జాతి జాతిగా నిలవాలని నా కోరిక. బ్రాకీపెల్మా మొత్తం సైటీస్ (అరుదైన జీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) రెండో అనుబంధంలో ఉంది కాబట్టి, దేశం దాటించాలంటే అనుమతి పత్రాలు తప్పనిసరి. మీరున్న చోట పెంచడానికే అనుమతి కావాలేమో కూడా కనుక్కోండి. పిల్లల్ని ఇచ్చేటప్పుడు జాతి పేరు, తల్లిదండ్రులు ఎక్కడినుంచి వచ్చాయో, సంచి తెరిచిన తేదీ చీటీ మీద రాసివ్వండి. నేనైతే నా దగ్గర ఇంకో రెండు మూడు కుబుసాలు విడిచి కాస్త గట్టిపడ్డాకే ఇస్తాను.