రొయ్యలకు వేసే ఐస్ దిమ్మతో పెళ్లికి శిల్పం చెక్కొచ్చా?

ప్రశ్న: నెల్లూరులో మా రిసెప్షన్‌కి ఐస్ హంస పెట్టించాలనుకుంటున్నాం. రొయ్యల లారీలకు ఐస్ వేసే ప్లాంటు నుంచే దిమ్మ తెచ్చుకోవచ్చా?

చెక్కొచ్చు. కానీ అద్దంలా మెరవకపోవచ్చు. ప్లాంటులో నీళ్లు నింపిన డబ్బాలను సున్నా కంటే బాగా చల్లగా ఉన్న ఉప్పునీటి తొట్టిలో దించుతారు. నీరు అన్ని పక్కల నుంచీ గడ్డకడుతూ వస్తుంది కాబట్టి, అందులో కరిగి ఉన్న గాలి, లవణాలు నడిమికి తోసుకుపోయి అక్కడే చిక్కుకుంటాయి. దిమ్మ మధ్యలో కనిపించే తెల్లటి చార అదే. శిల్పుల కోసం చేసే దిమ్మను కింది నుంచి మాత్రమే గడ్డకట్టిస్తారు, పైనున్న నీటిని చిన్న పంపుతో కదుపుతుంటారు. అందుకే బుడగలు నిలవవు. స్వీడన్‌లో ఐస్ హోటల్ కట్టే టోర్నె నది ఐస్ కూడా అలాగే తేటగా ఉంటుంది. అక్కడ పైనుంచి ఒకే వైపు గడ్డకడుతుంది, కింద నది పారుతూనే ఉంటుంది.

ఫ్రీజర్ నుంచి తీసిన వెంటనే ఉలి పెట్టనివ్వకండి, పగులుతుంది. పైన తడి మెరుపు వచ్చేదాకా ఆగాలి. ముక్కలు అతకడానికి మాత్రం నీళ్లే చాలు.

మన ఎండలకు హంస నాకైతే నచ్చదు, ముందు కరిగేది ఆ సన్నటి మెడే. వినాయకుడు, కలశం లాంటి బరువైన రూపాలు ఎక్కువసేపు నిలుస్తాయి. ఫ్యాన్ గాలి తగలనివ్వకండి, కింద నీళ్లు పోయే ట్రే పెట్టించండి. చేపల ఐస్ అయితే దాని ముక్కలు జ్యూసుల్లో అస్సలు వేయొద్దు.